మూడో పేజీలోనే దొరికిపోయిన గురువు: ఒక తొలి సస్పెన్స్ నవల ఎడిటింగ్ కేస్ స్టడీ

రచయిత్రి అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. నవల పేరు చెప్పడం లేదు. ఆవిడని గుర్తుపట్టే వీలున్న సంగతులు, కథలో ఒకటి రెండు వివరాలు మార్చాను. మేం తీసుకున్న నిర్ణయాలు, వాటిలో నేను చేసిన తప్పులు మాత్రం ఎలా జరిగాయో అలాగే ఉన్నాయి.

నేపథ్యం

నేను నవలల రాతప్రతుల మీద పనిచేసే ఎడిటర్‌ని. అచ్చుతప్పులు దిద్దేవాళ్లు వేరే ఉంటారు. కథ ఎక్కడ నిలబడింది, ఎక్కడ చతికిలబడింది, ఎందుకు అన్నది చూడటం నా పని. ఈ రాతప్రతి నా దగ్గరికి వచ్చేసరికి 94,000 పదాలు, 61 అధ్యాయాలు ఉంది. రచయిత్రికి ఇది మొదటి నవల. పగలంతా అంకెలతో గడిచే ఉద్యోగం, తెల్లవారుజామున గంటన్నర రాత. అలా రెండున్నరేళ్లు పట్టింది.

కథ ఇది. అక్క ఒక ఆధ్యాత్మిక బృందంలో చేరి ఏడేళ్లయింది. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి, తర్వాత ఎప్పుడైనా ఒక ఫోన్, ఆ తర్వాత అదీ లేదు. అక్కకి ఏమైందో తెలుసుకోవాలని చెల్లెలు భక్తురాలి వేషంలో ఆశ్రమంలో చేరుతుంది. లోపల ఒక గురువు, ఆయన కుడిభుజం లాంటి మనిషి, ఎప్పుడూ తాళం వేసి ఉండే గది, ఒక చావు. చివర్లో పోలీసులు వచ్చి గురువుని పట్టుకెళతారు. కథ చెప్పేది చెల్లెలే, ‘నేను’ అంటూ.

వాక్యం రాయడం ఆవిడకి వచ్చు. నడవాలో తాళంచెవుల గుత్తి చప్పుడుని బట్టి వస్తున్నది ఎవరో చెల్లెలు పసిగట్టే చోటు ఒకటుంది. మొదటిసారి చదివినప్పుడు అక్కడ ఆగి మళ్లీ చదువుకున్నాను. కాబట్టి రాయడం రాకపోవడం అనే సమస్య లేదు. అది లేనప్పుడే ఇలాంటి కేసులు కష్టం, ఎందుకంటే తప్పు పేజీ మీద కనబడదు.

సమస్య

నా దగ్గరికి రాకముందే ఆవిడ ఆరుగురు స్నేహితులకి చదవమని ఇచ్చారు. ఆరుగురూ ‘బాగుంది’ అన్నారు. నలుగురు చివరిదాకా చదవలేదు. గట్టిగా అడిగితే ఒకరు మాత్రం దాచుకోకుండా చెప్పారట: “ఆ అమ్మాయికి బుర్ర లేదా? మొదటి రోజే పారిపోవాల్సింది కదా.”

ఈ మాటని ఆవిడ కథ నెమ్మదిగా నడుస్తోందన్న ఫిర్యాదుగా అర్థం చేసుకున్నారు. నాకు పంపిన మొదటి మెయిల్‌లో, “సాగదీతగా ఉందంటున్నారండి, ఓ ఇరవై వేల పదాలు కోసేద్దామా?” అని అడిగారు. నేనూ సరే అన్నాను. పాఠకుడు ‘బుర్ర లేదా’ అంటే ‘సాగదీత’ అని ఎందుకు వినబడిందని అప్పుడు నేను అడగలేదు. కోయడం తేలిక, చేతిలో పని కనబడుతుంది, ఇద్దరికీ ఏదో జరుగుతోందన్న తృప్తి ఉంటుంది. అందుకే ఒప్పుకున్నాను, ఇంకో కారణమేమీ లేదు.

పని చెయ్యని మూడు ప్రయత్నాలు

మొదటిది ఆ కోతే. ఐదు వారాల్లో 94,000 కాస్తా 76,000 అయింది. ఇద్దరు కొత్త పాఠకులకి ఇచ్చాం. ఈసారి ఇద్దరూ చివరిదాకా చదివారు కానీ అన్నది మాత్రం అదే: చెల్లెలు మొద్దు. పైగా కోతలో పోయినవన్నీ ఆశ్రమంలో మామూలు రోజులు, పనులు, తోటివాళ్లతో కబుర్లు. మిగిలింది గురువు, తాళం, చావు. అంటే ఆ అమ్మాయి అక్కడ ఉండటానికి ఉన్న కాస్త కారణాన్నీ మేమే కోసిపారేశాం.

రెండో ప్రయత్నం ఆవిడ ఆలోచన. ముందు ఒక చిన్న ప్రోలాగ్ పెట్టి, అందులో కొలనులో తేలుతున్న శవాన్ని చూపించి, తర్వాత ‘నాలుగు నెలల క్రితం’ అంటూ కథలోకి వెళ్లాలని. దీనికి నేను అభ్యంతరం చెప్పకపోవడానికి ఒక కారణముంది. సస్పెన్స్ గురించి ఎవరు మాట్లాడినా సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ దగ్గరికే వస్తారు. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతో జరిగిన సంభాషణల్లో ఆయన చెప్పింది ఇది. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకుండా పేల్చేస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు దక్కుతుంది. ముందే తెలియనిచ్చి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లతో పిచ్చాపాటీ మాట్లాడిస్తే పదిహేను నిమిషాల సస్పెన్స్ దక్కుతుంది. మాకు శవం అంటే బాంబు అనిపించింది.

పెట్టి చూశాం. మొదటి ముప్పై పేజీలు పరిగెత్తాయి, అక్కణ్ణుంచి కథ నడుం విరిగింది. ఎందుకో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. హిచ్‌కాక్ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి కిందికి వంగి చూడాల్సిన కారణం ఏదీ లేదు, అందుకే వాళ్ల మీద మనకి జాలి. మా చెల్లెలు అనుమానంతోనే లోపలికి అడుగుపెట్టింది, బాంబు వెతకడానికే వచ్చింది. వెతకడానికి వచ్చిన మనిషికి కనబడకపోతే పాఠకుడికి జాలి వేయదు, చిరాకేస్తుంది. ప్రోలాగ్ ఆ చిరాకుని ఇంకాస్త పెంచింది.

మూడోది ట్విస్ట్. గురువు అమాయకుడు, అసలు దుర్మార్గుడు కుడిభుజం అని చివర్లో తేల్చడం. మూడు వారాలు దీని మీద పెట్టాక ఆపేశాం. ‘నేను’ అని చెప్పే కథలో ఆ ‘నేను’కి తెలిసిన రెండు విషయాలని పాఠకుడి దగ్గర దాచితే తప్ప అది నిలబడదు. దాస్తే మోసం. దాచకపోతే ట్విస్టే లేదు.

పెన్సిల్ పరీక్ష

ఇంత జరిగాక గానీ నేను మొదటి వారంలోనే చేయాల్సిన పని చేయలేదు. రాతప్రతి గురించి ఏమీ తెలియని నలుగురు పాఠకులకి ప్రింట్ తీసిన కాపీలు, తలా ఒక పెన్సిల్ ఇచ్చాం. అడిగింది ఒక్కటే: ఈ చోటు మంచిది కాదని మీకు మొదటిసారి ఎక్కడ అనిపిస్తే అక్కడ గీత గీయండి.

నాలుగు గీతలూ మొదటి పన్నెండు పేజీల్లోనే పడ్డాయి. ఒకటైతే మూడో పేజీలో. ఆ పేజీలో ఉన్నది ఇది:

‘ఆయన అడుగుపెట్టగానే హాలంతా నిశ్శబ్దం. తెల్లటి వస్త్రాలు. పెదవులు నవ్వుతున్నాయి, కళ్లు నవ్వడం లేదు. “నీ బాధ నాకు తెలుసు తల్లీ” అన్నాడు. ఆ గొంతు వినగానే నా వెన్నులో చలి పుట్టింది.’

ఇందులో తప్పు వాక్యం లేదు. కానీ ప్రతి వాక్యమూ ‘ఇతను దొంగ’ అనే చెబుతోంది. తర్వాతి మూడు వందల పేజీల్లో తెలియాల్సింది ఇక్కడే తెలిసిపోయింది. ఆ పైన మిగిలేది ఒకే ప్రశ్న, చెల్లెలు దొరికిపోతుందా లేదా అని. అది గూఢచారి కథ ప్రశ్న. ఆశ్రమం బదులు అక్కడ బ్యాంకు ఉన్నా, గోడౌన్ ఉన్నా అదే ప్రశ్న వేయొచ్చు.

ఫోన్ చేసి ఆవిడని అడిగాను. “ఇలాంటి చోటుకి మీరు వెళ్లారనుకోండి, ఎంతసేపు ఉంటారు?”

“గంట కూడా ఉండనండి.”

“మరి ఏళ్ల తరబడి ఉండేవాళ్లు ఎవరు?”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “బలహీనులు” అన్నారు. ఇంకాసేపాగి, “అంటే మా అక్క పాత్రని నేను బలహీనురాలనే అనుకుంటున్నానన్నమాట” అన్నారు.

కేసు మలుపు తిరిగింది ఆ రెండో మాట దగ్గర. పుస్తకంలో అక్క మీద ప్రేమ ఉంది, గౌరవం లేదు. ఆ గౌరవం లేదన్న సంగతి పాఠకులకి కథ చెప్పకుండానే తెలిసిపోతోంది.

అప్పుడు ఆవిడకి నవలలేవీ చదవమనలేదు, జరిగిన సంగతులు చదవమన్నాను. 1995 మార్చి 20న టోక్యో సబ్‌వేలో సారిన్ విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో అనే జపాన్ మతబృందం మనుషులు ఐదుగురు. వాళ్లలో ఒకరు గుండె సర్జన్, మరికొందరు ఫిజిక్స్ చదువుకున్నవాళ్లు. 1978 నవంబర్ 18న గయానాలోని జోన్స్‌టౌన్‌లో, పీపుల్స్ టెంపుల్ అనే మతబృందం స్థావరంలో, 900 మందికి పైగా చనిపోయారు, అందులో 300 మందికి పైగా పిల్లలే. ఆ పీపుల్స్ టెంపుల్‌లో చేరినవాళ్లలో చాలామంది చావడానికో, ఎవరికో దాసోహం అనడానికో చేరలేదు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చునే చోటు దొరికిందని, ముసలివాళ్లని చూసుకునే మనుషులున్నారని చేరారు. అది నిజంగా ఉన్న మంచి. ఆ మంచిని మినహాయించి రాస్తే మిగిలేది కార్టూన్.

రెండు వారాల తర్వాత ఆవిడ ఒక్క లైను మెయిల్ పెట్టారు: “గురువుని కాదు, ఆ చోటుని మళ్లీ రాయాలండి.”

చెల్లెలి ‘సరే’ల పట్టిక

తిరగరాతలో మొదటి నిర్ణయం, చెల్లెలు గూఢచారి కాదు. ఒక ఆస్తి కాగితం మీద అక్క సంతకం కావాలి, అందుకు వస్తుంది. మూడు రోజుల పని. అక్క మౌనదీక్షలో ఉంది, ఇంకో నాలుగు రోజులు ఆగితే కలవొచ్చంటారు. ఆగుతుంది. అంతే. లోపల ఏముందో తేల్చాలన్న పట్టుదల ఆ అమ్మాయికి లేదు, పాఠకుడికీ లేదు. ఇప్పుడు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

రెండోది ఒక పట్టిక. ఆవిడ ఉద్యోగం అంకెలతో కాబట్టి ఇది ఆవిడకి నాకన్నా బాగా కుదిరింది. చెల్లెలు కథ మొత్తంలో ఎన్నిసార్లు ‘సరే’ అంటుంది? ఒక్కో సరేకి నాలుగు గడులు: ఏం అడిగారు, బదులుగా ఏం దొరికింది, ఏం పోయింది, వద్దని వెనక్కి తిరగాలంటే ఎంత పోగొట్టుకోవాలి. పద్నాలుగు తేలాయి. పెట్టుకున్న షరతు ఒకటే: ఏ సరే అయినా ఆ రోజున, ఆ గంటలో, చదివేవాళ్లకి కూడా సబబుగా ఉండాలి. సబబుగా లేకపోతే దాని ముందు ఇంకో చిన్న సరే పడాలి.

ఇది మేం గాలిలోంచి తెచ్చింది కాదు. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలిఫోర్నియాలో చేసిన ప్రయోగం ఒకటుంది. ‘జాగ్రత్తగా నడపండి’ అన్న పెద్ద వికారమైన బోర్డుని ఇంటి ముందు పాతుకోనిస్తారా అని నేరుగా అడిగితే ఒప్పుకున్నది దాదాపు ఆరుగురిలో ఒకరు. అంతకుముందే సురక్షిత డ్రైవింగ్ గురించి అరచేతంత స్టిక్కర్ పెట్టుకోవడానికి సరే అన్నవాళ్లని అడిగితే దాదాపు నలుగురిలో ముగ్గురు ఒప్పుకున్నారు. స్టిక్కర్‌కి ఒప్పుకున్నప్పుడు బోర్డు సంగతి వాళ్లకి తెలియదు. మా పట్టికలో మొదటి సరే ఆ స్టిక్కర్ లాంటిది.

మొదటి సరే ఏంటంటే, రాత్రిపూట ఫోన్లు ఆఫీసు గదిలో పెట్టాలి, పడకహాలులో మోగితే అందరికీ నిద్ర చెడుతుందని. ఇస్తుంది. ఆ రాత్రి ఏడు గంటలు నిద్రపోతుంది, ఎన్ని నెలల తర్వాతో. ఉదయం ఫోన్ తీసుకోవడం మర్చిపోతుంది. ఎవరూ లాక్కోలేదు. మొదటి డ్రాఫ్టులో గేటు దగ్గర ఫోన్ గుంజుకుని బీరువాలో పడేశారు. పాఠకుడికి కోపం వచ్చింది, నమ్మకం రాలేదు.

మూడోది గురువు. ఆయన కనిపించే సన్నివేశాలు పంతొమ్మిది ఉండేవి, ఆరు చేశాం. ‘స్వామి’, ‘గురుదేవా’ తీసేశాం. లోపల అందరూ ఆయన్ని అన్నయ్య అంటారు. మొదటిసారి కనబడటం తొమ్మిదో అధ్యాయంలో, అదీ ఆయనెవరో తెలియకుండా. నడవాలో కుళాయి కారుతున్న చప్పుడుకి చెల్లెలు అర్ధరాత్రి లేచి వెళుతుంది. ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని కుళాయి విప్పుతున్నాడు. 

“టార్చ్ కాస్త ఇటు పట్టుకుంటారా అమ్మా?” 

పడుతుంది. ఆయన పాత వాషర్ బయటికి తీసి వేళ్ల మధ్య తిప్పి చూస్తాడు. “అరిగిపోయింది. పాపం, దీని తప్పేం లేదు.” కొత్తది వేసి, కుళాయి బిగించి, చేతులు తుడుచుకుంటాడు. “నిద్ర పట్టలేదా” అనడు, “ఈ చప్పుడుకి ఎవరికి పడుతుంది లెండి” అంటాడు. వెళ్లిపోతాడు. ఆయనే అన్నయ్య అని మర్నాడు తెలుస్తుంది.

ఇందులో ఆవిడ ప్రతిభ ఎక్కడుందంటే, ఆ వాషర్ మాటని దాచిపెట్టుకుని నలభయ్యో అధ్యాయంలో బయటికి తీశారు. అక్క ఇక పనికిరాదని, వేరే చోటుకి పంపించేశారని చెల్లెలికి చెబుతూ అన్నయ్య అదే గొంతుతో, అంతే ఆప్యాయంగా, “అరిగిపోయింది. పాపం, తన తప్పేం లేదు” అంటాడు. కళ్లు, పెదవులు, వెన్నులో చలి ఏమీ అవసరం రాలేదు.

మాటలు మారడం

ఇది మొదట బెడిసికొట్టి, తర్వాత కుదిరింది. ఇలాంటి బృందాలు తమకంటూ ఒక భాష తయారు చేసుకుంటాయి. చైనాలో ‘భావ సంస్కరణ’, అంటే మనుషుల ఆలోచనని బలవంతంగా మార్చే కార్యక్రమం గుండా వెళ్లి బయటపడినవాళ్లని మాట్లాడించి రాబర్ట్ లిఫ్టన్ అనే సైకియాట్రిస్టు 1961లో రాసిన, అలాంటి అదుపుకి ఉండే ఎనిమిది లక్షణాల్లో ఇదొకటి. పెద్ద ప్రశ్నని రెండు మాటల సూత్రంగా కుదించేస్తే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. నవలలో ఈ భాష ఉండాలని నేనే అన్నాను.

ఆవిడ పదకొండు పదాలు పుట్టించారు, అన్నీ మూరెడు సంస్కృత సమాసాలు. చదివితే వెక్కిరింపులా ఉంది, నాలుగో పదానికే అర్థాల పట్టిక కావాల్సొచ్చింది. మళ్లీ కూర్చున్నాం. ఇంట్లో వాడే మాటలైతే పాఠకుడికి తెలియకుండానే నోటికి అంటుకుంటాయని, నాలుగే ఉంచాం. బాధ, సందేహం, కోపం ఏదైనా ‘బరువు’. దాన్ని రాత్రి కాగితం మీద రాసి ఇవ్వడం ‘దించుకోవడం’. బయటి ప్రపంచం ‘వెనక’. లోబడినవాళ్లు ‘తేలిక’.

మొదటి అధ్యాయాల్లో చెల్లెలు ఈ మాటలని కొటేషన్లలో పెట్టి చెబుతుంది, కాస్త వెటకారంగా కూడా. పద్నాలుగో అధ్యాయం నుంచి కొటేషన్లు పోతాయి. ఇరవై రెండో అధ్యాయంలో తనకి తానే, ‘వెనక ఉన్నప్పుడు నాకు ఇంత నిద్ర ఎప్పుడూ లేదు’ అని రాస్తుంది. దీన్ని ఎక్కడా ఎత్తిచూపించొద్దని ఆవిడని బతిమాలాను. ఎత్తిచూపించాలని ఆవిడకి చాలా ఉండేది, ఒక పాత్రతో ‘నువ్వు వాళ్లలాగే మాట్లాడుతున్నావు’ అనిపించారు కూడా. తీసేయించాను. ఇది మాత్రం నేను గెలిచిన గొడవ.

సొరుగులో ఉత్తరం

పుస్తకం నడుం ఇక్కడుంది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

లిఫ్టన్ లక్షణాల్లో మొదటిది సమాచారం మీద అదుపు: మనిషికి ఏం చేరాలి, ఏం చేరకూడదు. మొదటి డ్రాఫ్టులో అక్క ఉత్తరాలు ఎందుకు ఆగాయన్నదానికి జవాబుగా, కుడిభుజం బీరువాలో కట్టకట్టి ఉన్న ఉత్తరాలు చెల్లెలికి దొరుకుతాయి. దొంగ దొరికాడు. బాగానే ఉంది, కానీ ఇలాంటి బీరువాలు మనం చాలా చూశాం.

ఆవిడ దాన్ని తిప్పేశారు. ఆశ్రమంలో వచ్చే ఉత్తరాలని ముందు ఒకరు చదువుతారు. కారణం కూడా చెబుతారు: చెడ్డవార్త ఎవరూ ఒంటరిగా చదవకూడదు, పక్కన ఒక మనిషి ఉండాలి. సబబుగానే ఉంది. అక్క ఉత్తరాలు పోకపోవడం గురించి చెల్లెలు అడిగితే అన్నయ్య అందరి ముందూ క్షమాపణ చెప్పి, టపా చూసే మనిషిని తీసేసి, “ఇకమీదట మీరే చూడండి, అప్పుడు ఎవరికీ ఇలా జరగదు” అంటాడు. పదో సరే.

పది రోజుల మౌనదీక్షలో ఆరో రోజున ఉన్న ఒక కుర్రాడికి ఉత్తరం వస్తుంది. అమ్మ జారిపడింది, ప్రమాదం లేదు, వీలైతే వచ్చి వెళ్లమని. చెల్లెలు చదువుతుంది.

ఆవిడ మొదట రాసినదాంట్లో చెల్లెలి చేతులు వణికాయి, గుండె దడదడలాడింది, ‘నేను చేస్తున్నది తప్పు’ అనుకుంది. ఇక్కడ నా మార్జిన్ కామెంట్ ఇది: ‘వణికితే మనిషి మంచిదని పాఠకుడు వదిలేస్తాడు. వణక్కూడదు.’ తిరగరాసినదాంట్లో చెల్లెలు కవరు మీద మూలగా పెన్సిల్‌తో తేదీ రాస్తుంది, మర్చిపోకుండా ఉండటానికి. సొరుగులో పెడుతుంది. మిగతా ఉత్తరాల అంచులు సమంగా సర్ది, గది తాళం వేసి భోజనానికి వెళ్తుంది. ఇంకా నాలుగు రోజులే కదా.

ఏడేళ్ల క్రితం అక్క ఉత్తరాలు కూడా ఇలాగే ఎవరో ఒక మంచి మనిషి చేతిలో, నాలుగు రోజుల కోసమే ఆగి ఉంటాయని పుస్తకంలో ఎక్కడా రాయలేదు.

గంట

మొదటి డ్రాఫ్టులో యాభై రెండో అధ్యాయంలో ఒక్కసారిగా ఒక భయంకరమైన రాత్రి వస్తుంది. ముందు సూచన ఏదీ లేదు, అందుకే నాటకీయంగా అనిపించింది. జోన్స్‌టౌన్‌లో చివరి రోజుకి ముందు కూడా జనాన్ని రాత్రిపూట పోగుచేసి సామూహిక మరణానికి రిహార్సల్స్ చేయించేవాళ్లన్న సంగతి చదివాక మాకు దారి కనబడింది. ఏమీ జరగకుండా ముగిసిన ప్రతిసారీ తర్వాతిసారికి భయం తగ్గుతుంది.

కాబట్టి పదకొండో అధ్యాయంలో అర్ధరాత్రి గంట మోగుతుంది. అందరూ హాలుకి వస్తారు, దీపాలు ఆర్పుతారు, చీకట్లో వరుసగా పేర్లు చెబుతారు, తెల్లారేదాకా కూర్చుంటారు. విసుగు, నిద్రమత్తు, ఎవరో తుమ్మితే నవ్వులు. ఇరవై ఆరో అధ్యాయంలో మళ్లీ. ఈసారి చెల్లెలికి దుప్పటి తెచ్చుకోవాలని తెలుసు. నలభై మూడులో మూడోసారి గంట మోగినప్పుడు పేర్ల వరుసలో ఒక చోట ఎవరూ పలకరు. క్షణం ఆగి, పక్కవాళ్లు తమ పేరు చెప్పేస్తారు, వరుస సాగిపోతుంది.

బాంబు ఇప్పుడు సరైన చోట ఉంది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఎవరికీ కిందికి చూడాల్సిన పని లేదు.

ఫలితం, మిగిలిన చిక్కులు

తిరగరాతకి పదకొండు నెలలు పట్టింది. నవల 88,000 పదాల దగ్గర ఆగింది, అంటే కోసినదాంట్లో సగానికి పైగా తిరిగొచ్చింది. ఆశ్రమంలో మామూలు రోజులే అవి. ఐదుగురు కొత్త పాఠకులకి మళ్లీ పెన్సిళ్లు ఇచ్చాం. గీతలు డెబ్భయ్యో పేజీ నుంచి రెండు వందల పదో పేజీ దాకా చెల్లాచెదురుగా పడ్డాయి. ఒకరు ఉత్తరం సన్నివేశం దగ్గర గీత గీసి, పక్కన ‘నేనైనా సొరుగులోనే పెట్టేదాన్ని’ అని రాసి, మళ్లీ దాన్ని కొట్టేశారు. చెల్లెలికి బుర్ర లేదని ఎవరూ అనలేదు.

అన్నీ కుదిరాయని చెప్పను. మొదటి నలభై పేజీలు ఇప్పటికీ నెమ్మదిగానే ఉన్నాయని ఇద్దరన్నారు. నిజమే. చోటు మీద నమ్మకం కుదరాలంటే ఆ పేజీలు కావాలి, అందుకు తగ్గ టెన్షన్ వాటిలో లేదు. సంతకం కాగితానికి గడువు తేదీ పెట్టి కొంత సర్దాం, పూర్తిగా పోలేదు. ఇంకో సంగతి: మొదటి డ్రాఫ్టులో నిజంగా ఉన్న ఒక సంస్థ దినచర్య, వాళ్ల వాడుక మాట ఒకటి దాదాపు యథాతథంగా ఉన్నాయి. ‘పాత్రలన్నీ కల్పితం’ అని ముందు పేజీలో వేసినంత మాత్రాన గుర్తుపట్టేవాళ్లు గుర్తుపట్టకుండా ఉండరు. రెండూ తీసేయించి, లాయర్‌కి చూపించుకోమన్నాను.

పోలీసుల ముగింపు కూడా పోయింది. ఇప్పుడు గేటుకి మొదటినుంచీ తాళం లేదు. చెల్లెలు ఒక మధ్యాహ్నం నడిచి బయటికొచ్చేస్తుంది, ఎవరూ ఆపరు. రోడ్డు మీద ఎవరో ఎక్కడికమ్మా అని అడిగితే “వెనక్కి” అంటుంది. ఏ వెనక్కో తనకే తెలియక నిలబడిపోతుంది. నా దృష్టిలో నవల అక్కడ అయిపోయింది.

ఆవిడ ఆ తర్వాత ఇంకో అధ్యాయం రాశారు, అక్క గొంతుతో. అప్పటిదాకా చెల్లెలు చెప్పిన కథలో చివరి తొమ్మిది పేజీలు ఇంకొకరు చెప్పడం నిర్మాణపరంగా తప్పని పెద్ద కామెంట్ పెట్టి, మొత్తం కొట్టేశాను. “ఒక్కసారి పాఠకులకి ఇచ్చి చూద్దామండీ, తర్వాత మీరన్నట్టే” అన్నారు. ఐదుగురిలో నలుగురు తమ నోట్‌లో మొదట రాసింది ఆ తొమ్మిది పేజీల గురించే. ఒకరైతే ఇంకేమీ రాయలేదు. ఫైలు తెరిచి కొట్టివేత రద్దు చేసి, నా కామెంట్ డిలీట్ చేశాను.